25 వాట్ల క్లాస్ ఏ యాంపా, టీవీ కింద పట్టే చిన్న యాంపా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలు. కొత్తగా కొన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 6 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే ఎంత సౌండ్ చేస్తాయన్న లెక్క) 86 డెసిబెల్స్. మీ స్నేహితుడు తన పాత క్లాస్ ఏ యాంప్ (యాంప్లిఫైయర్, స్పీకర్లని నడిపే పెట్టె; క్లాస్ అంటే అది పనిచేసే పద్ధతి) ఇస్తానంటున్నాడు, 25 వాట్లు, బరువు 20 కిలోల పైనే. ఇంకోవైపు మీరే ఒక కొత్త క్లాస్ డీ యాంప్ చూసి పెట్టుకున్నారు. పుస్తకమంత ఉంటుంది, 60 వాట్లు, టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ, బ్లూటూత్, సబ్‌ఊఫర్‌కి అవుట్‌పుట్ ఉన్నాయి. పగలంతా ఆ స్పీకర్ల మీద టీవీ నడుస్తుంది. మీరు పాటలు వినేది రాత్రి, అందరూ పడుకున్నాక. సౌండ్ విషయంలో రాజీ పడొద్దని స్నేహితుడు అంటాడు, ముందు రిమోట్ ఉందో లేదో చూడమని ఇంట్లోవాళ్లు అంటారు.

నా సమాధానం: ఆ చిన్నదే తీసుకోండి. కాకపోతే కొనేముందు దాంట్లో కొన్ని సంగతులు చూసుకోవాలి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే మీ స్నేహితుడి మాట పూర్తిగా తప్పు కాదు, ఇంట్లోవాళ్ల మాటలో మీరు అనుకున్నదానికంటే ఎక్కువ విషయం ఉంది.

క్లాస్ ఏ అంటే గిట్టక చెప్తున్న మాట కాదిది. అలాంటి యాంప్‌తో తొమ్మిదేళ్లు కాపురం చేశాను. ఇద్దరు పడితే గానీ లేచేది కాదు. రెండు పక్కలా రెక్కల్లాంటి హీట్ సింక్‌లు, చెయ్యి ఆనిస్తే ఐదు లెక్కపెట్టేలోపు తీసేయాల్సిందే. ఆన్ చేసిన పది నిమిషాలకి వేడెక్కిన దుమ్ము వాసన ఒకటి వచ్చేది. నిజం చెప్పాలంటే ఆ వాసన కూడా నాకు ఇష్టమే. మొదటి రెండేళ్లు రోజూ విన్నాను. ఆ తర్వాత ఎండాకాలంలో మానేశాను, గదిలో హీటర్ పెట్టుకున్నట్టే ఉండేది. తర్వాత తర్వాత, నాలుగు పాటల కోసం దాన్ని అరగంట వేడెక్కించడం ఎందుకులే అని టీవీలోనే పాటలు పెట్టుకోవడం మొదలైంది. అంత యాంప్ పక్కన ఉంచుకుని టీవీ వెనక ఉండే ఆ బుల్లి స్పీకర్లలో వింటున్నానని ఒకరోజు గమనించుకున్నాను. సిగ్గేసింది.

ఒకసారి ప్లగ్ దగ్గర వాట్ మీటర్ పెట్టి చూశాను. 190 వాట్లు. పాట పెట్టినా అంతే, పాట ఆపినా అంతే. క్లాస్ ఏలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ కరెంట్ పారిస్తూనే ఉంటాయి, సిగ్నల్ ఉన్నా లేకపోయినా. పుష్‌పుల్ (ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేసే) క్లాస్ ఏ పూర్తి వాల్యూమ్‌లో, అదీ లెక్కల ప్రకారం, తీసుకున్న పవర్‌లో సగానికి మించి బయటికి ఇవ్వలేదు. రాత్రి వినే వాల్యూమ్‌లో అయితే ఆ 190 వాట్లలో స్పీకర్లకి చేరేది అర వాటు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. రోజుకి మూడు గంటలు వింటే ఏడాదికి 200 యూనిట్లు దాటుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్లు తీసుకునే క్లాస్ డీ యాంప్ అదే లెక్కన 11 యూనిట్లు. కరెంట్ బిల్లు ఒక్కటే కాదు నా బాధ. మీ టీవీ కింద చెక్క అరలో 6 అంగుళాల ఎత్తే ఉందన్నారు. 190 వాట్ల వేడిని అందులో పెట్టి తలుపు మూయడమన్న ఆలోచనే వద్దు. పైన, పక్కన ధారాళంగా గాలి ఆడే చోటే కావాలి. అంటే ఆ యాంప్ వచ్చిన రోజే మీ హాలు సర్దుబాటు మారిపోతుంది.

సరే, ఇంత కష్టపెట్టినా వినడానికి బాగుంటే భరించొచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ని. క్లాస్ ఏలో గాయకుడి ఊపిరి వినపడుతుంది, మిగతావాటిలో వినపడదు అని నలుగురికీ చెప్పేవాణ్ని కూడా. మా తమ్ముడికి విసుగొచ్చి, "సరే, కళ్లు మూసుకుని చెప్పు చూద్దాం" అన్నాడు.

ఎలా చేశామో వివరంగా చెప్తాను, మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. ఒక పక్క నా క్లాస్ ఏ యాంప్, ఇంకో పక్క మామూలు క్లాస్ ఏబీ యాంప్, అంటే పాట లేనప్పుడు చాలా తక్కువ కరెంట్ తీసుకునే రకం. స్పీకర్ వైర్లు ఒక రిలే స్విచ్ పెట్టెకి, రెండు యాంప్‌లలో ఏదో ఒకదాన్ని స్పీకర్లకి కలిపేది. ముందు 400 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ కొలిచాం. ఒకదాంట్లో 2.00 వోల్టులు ఉంటే రెండోదాంట్లో 1.98కీ 2.02కీ మధ్యలోకి తెచ్చేదాకా నాబ్‌ని వెంట్రుక వాసి వెంట్రుక వాసి తిప్పాం. దానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఈ పని తప్పించుకుంటే పరీక్షే వృథా. రెండిటి మధ్య అర డెసిబెల్ తేడా ఉన్నా చెవికి "ఇది ఎక్కువ వాల్యూమ్" అని తెలీదు, "ఇది బాగుంది" అని అనిపిస్తుంది. దుకాణాల్లో జరిగే పోలికల్లో చాలావాటికి ఈ పట్టింపే ఉండదు. తర్వాత తమ్ముడు తలుపు అవతల నాణెం ఎగరేసి స్విచ్ మార్చడం, నేను ఏ యాంపో చెప్పడం. పదహారు సార్లు.

తొమ్మిది సరిగ్గా చెప్పాను. పదహారింట్లో కనీసం పన్నెండు వస్తే గానీ అది గుడ్డిదెబ్బ కాదని చెప్పలేం. గాయకుడి ఊపిరి రెండిట్లోనూ వినపడింది.

1985లో అమెరికన్ ఇంజనీర్ బాబ్ కార్వర్ ఇలాంటిదే, ఇంకా పెద్ద ఎత్తున చేశాడు. ఎంత ఖరీదైన యాంప్ అయినా ఎంచుకోండి, నా చవక ట్రాన్సిస్టర్ యాంప్‌ని దానిలాగే పలికిస్తాను అని స్టీరియోఫైల్ పత్రిక వాళ్లతో పందెం వేశాడు. వాళ్లు ఒక ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్ల బదులు పాతకాలపు గాజు వాల్వులతో నడిచేది) ఎంచుకున్నారు. రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌లో తేడా ఎంతుందో కొలుస్తూ, తన యాంప్ సర్క్యూట్‌ని మారుస్తూ ఆ తేడాని దాదాపు లేకుండా చేశాడు. తర్వాత విన్న పత్రిక వాళ్లు ఏది ఏదో పట్టుకోలేకపోయారు. దీన్ని చాలామంది "అన్ని యాంప్‌లూ ఒకటే" అనడానికి వాడతారు. నాకు కనిపించేది వేరు. మార్చకముందు ఆ రెండు యాంప్‌లూ ఒకేలా లేవు, అందుకే ఆయన మార్చాల్సి వచ్చింది. యాంప్‌కి ఒక "సౌండ్" అంటూ ఉంటే అది కొలవగలిగే కారణాల వల్లే ఉంటుందని ఆ పందెం చూపించింది. క్లాస్ ఏ అన్న అక్షరంలో గానీ బరువులో గానీ అది ఉండదు.

ఆ కారణాల్లో మొదటిది అవుట్‌పుట్ ఇంపెడెన్స్. ఇంపెడెన్స్ అంటే కరెంట్‌కి అడ్డుపడే గుణం, ఓమ్‌లలో కొలుస్తారు. స్పీకర్ మీద 6 ఓమ్‌లు అని రాసి ఉన్నా అది అన్ని స్వరాలకీ 6 ఓమ్‌లు కాదు, ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 20కి ఎక్కుతుంది. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 0.1 ఓమ్ కంటే తక్కువ ఉంటే ఈ ఎత్తుపల్లాలు దానికి పట్టవు. చాలా ట్యూబ్ యాంప్‌లలో అది ఒకటి రెండు ఓమ్‌లు ఉంటుంది. అప్పుడు స్పీకర్ ఇంపెడెన్స్ ఎక్కువున్న చోట సౌండ్ ఒక డెసిబెలో రెండో పెరుగుతుంది, తక్కువున్న చోట తగ్గుతుంది. ట్యూబ్ యాంప్‌లో అందరూ మెచ్చుకునే ఆ నిండుదనంలో పెద్ద వాటా దీనిదే. వినడానికి హాయిగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ స్పీకర్ మారితే ఆ హాయి కూడా మారిపోతుంది.

రెండోది మీరు చూసిన చిన్న యాంప్‌కి నేరుగా సంబంధించింది. డీ అంటే డిజిటల్ అని చాలామంది అనుకుంటారు, కాదు. ఏ, బీ, సీ తర్వాత వచ్చిన అక్షరం, అంతే. ఇందులో ట్రాన్సిస్టర్లు సెకనుకి కొన్ని లక్షల సార్లు పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ అవుతుంటాయి. సగం తెరుచుకుని వేడెక్కే పరిస్థితి రాదు కాబట్టి తీసుకున్న పవర్‌లో 90 శాతం దాకా స్పీకర్‌కి చేరుతుంది. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ కలిసి ఆ స్విచింగ్ రొదని వడకట్టేస్తాయి. చిక్కు ఈ ఫిల్టర్ దగ్గరే. కొన్ని చవక డిజైన్లలో ఫీడ్‌బ్యాక్‌ని (అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు దిద్దుకునే ఏర్పాటు) ఫిల్టర్‌కి ముందే తీసుకుంటారు. అప్పుడు ఫిల్టర్ స్పీకర్‌ని బట్టి ప్రవర్తిస్తుంది: 8 ఓమ్‌ల స్పీకర్‌తో ట్రెబుల్ కాస్త లేస్తుంది, 4 ఓమ్‌లతో కాస్త పడుతుంది. "క్లాస్ డీ గరుకుగా ఉంటుంది" అన్న పాత ఫిర్యాదుకి ఒక కారణం ఇదే. ఫిల్టర్ తర్వాతి నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లలో ఈ బాధ లేదు. ఆ తరహా సర్క్యూట్లని బాగా ముందుకు తెచ్చినవాళ్లలో ఇంజనీర్ బ్రూనో పుట్జేస్ పేరు తరచూ వినిపిస్తుంది. మీరు చేయాల్సింది తేలిక: ఎవరైనా కొలిచి పెట్టిన గ్రాఫ్ దొరికితే, 4 ఓమ్‌ల గీత, 8 ఓమ్‌ల గీత 20,000 హెర్ట్జ్ దాకా ఒకదాని మీద ఒకటి పడ్డాయా, చివర్లో విడిపోయాయా చూడండి. పడితే ఇక ఆ విషయంలో టెన్షన్ అక్కర్లేదు.

ఈ గ్రాఫులు చూసేటప్పుడు డిస్టార్షన్ (అసలు సిగ్నల్‌లో లేనిది అదనంగా కలవడం) అంకెల దగ్గర మాత్రం ఆగిపోకండి. ఒకదానికి 0.003 శాతం, ఇంకోదానికి 0.0003 శాతం అని రాసి ఉంటే రెండోది పదింతలు మేలని అనిపిస్తుంది. సంగీతంలో 0.1 శాతం డిస్టార్షన్ పట్టుకోవడమే చాలా కష్టం. మీ స్పీకర్లు బేస్‌లో తమంతట తామే ఒక శాతం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే కలుపుతాయి. 1927లో బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ కనిపెట్టాక ఈ సమస్య దారిలో పడింది. చాలాకాలంగా సరిగ్గా డిజైన్ చేసిన యాంప్‌లో డిస్టార్షన్ అన్నది యాంప్ ఇవ్వగలిగిన వాల్యూమ్ దాటితే తప్ప చర్చే కాదు.

వాల్యూమ్ దాటడం అన్నాను కదా, వాట్ల లెక్క ఇక్కడ వేద్దాం. మీ స్పీకర్ ఒక వాట్‌కి ఒక మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుంది. మీరు కూర్చునేది 9 అడుగుల దూరం. దూరానికి దాదాపు 9 డెసిబెల్స్ పోతాయి, రెండు స్పీకర్లు కాబట్టి 3 కలుస్తాయి, గది గోడలు ఇంకో రెండు మూడు ఇస్తాయి. అంటే ఒక్కో స్పీకర్‌కి ఒక్క వాట్‌తో మీ కుర్చీ దగ్గర 82 డెసిబెల్స్ దాకా వస్తుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60. కాబట్టి రాత్రి మీరు వినే వాల్యూమ్‌కి వాట్‌లో పదో వంతు కూడా ఖర్చు కాదు. కానీ సెలవు రోజు గట్టిగా పెట్టారనుకోండి. సగటు 75 డెసిబెల్స్, డ్రమ్ దెబ్బ పడ్డప్పుడు దానిమీద 20 ఎక్కువ, మొత్తం 95. ఒక వాట్ మీద 13 డెసిబెల్స్ అంటే 20 వాట్లు. 25 వాట్ల యాంప్ అంచు మీద ఉంటుంది. ఇంకొంచెం పెంచితే క్లిప్ అవుతుంది, అంటే సిగ్నల్ తల తెగిపోతుంది, అప్పుడు ఏ క్లాస్ అయినా చెవికి గుచ్చుకుంటుంది. 60 వాట్లది అదే చోట ఇంకో నాలుగు డెసిబెల్స్ ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే అన్నాను, మీ స్పీకర్లతో సౌండ్ క్వాలిటీ పేరు మీదే చూసినా చిన్న యాంప్ వెనకబడటం లేదు.

అయితే ఆ 60 ఎక్కడ కొలిచిన 60 అన్నది ముఖ్యం. 4 ఓమ్‌లకి, పది శాతం డిస్టార్షన్‌తో, ఒక్క చానెల్ మాత్రమే నడిపించి కూడా 60 అని రాసేయొచ్చు. పీఎంపీఓ (క్షణకాలపు పవర్ పేరుతో ఉబ్బించి చెప్పే అంకె) అని వేలకి వేల వాట్లు అట్ట మీద వేసుకున్న టేప్ రికార్డర్లు గుర్తున్నవాళ్లకి ఈ ఆట కొత్తేం కాదు. ఈ గొడవ పడలేకే అమెరికాలో 1974లోనే వాట్లు ఎలా కొలిచి చెప్పాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టాల్సి వచ్చింది. మీరు చూసిన మోడల్‌కి "8 ఓమ్‌లు, రెండు చానెళ్లు, ఒక శాతం లోపు డిస్టార్షన్" అన్న షరతుల్లో ఎంతో వెతకండి. 35 నుంచి 40 వచ్చినా మీకు చాలు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నాడ్ 3020. 1978లో వచ్చింది, రాసుకున్నది 20 వాట్లే, చూడటానికి బూడిద రంగు డబ్బా. కానీ సంగీతంలో అప్పటికప్పుడు వచ్చే పీక్స్‌కి దాదాపు రెట్టింపు ఇచ్చేది, తక్కువ ఇంపెడెన్స్ స్పీకర్లకి బెదిరేది కాదు. తనకంటే పెద్దవాటి పక్కన నిలబడి పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు మీరు అడగని విషయం. మీరు వినేది రాత్రి, తక్కువ వాల్యూమ్‌లో. యాంప్‌ల మధ్య నాకు కళ్లు మూసుకోకుండానే తేడా తెలిసేది ఇక్కడే, కానీ రివ్యూల్లో దీని గురించి రాసేవాళ్లు తక్కువ.

సీడీ ప్లేయర్ గానీ డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ని యాంప్‌కి కావాల్సిన అనలాగ్‌గా మార్చే పెట్టె) గానీ మామూలుగా 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. చాలా యాంప్‌లకి పూర్తి పవర్ ఇవ్వడానికి అందులో పావు వంతు చాలు. ఫలితంగా నాబ్ మీది గీత గడియారంలో ఎనిమిది అంకె ఉండే చోటుకి రాగానే గది నిండిపోతుంది, మీరు రాత్రి వినేదంతా మొదటి రెండు మిల్లీమీటర్ల తిప్పుడులోనే అయిపోవాలి. అక్కడే చవక వాల్యూమ్ పాట్‌లో (నాబ్ వెనక ఉండే భాగం) ఎడమ, కుడి చానెళ్లు సమంగా ఉండవు, పాట ఒక పక్కకి జరిగిపోతుంది. కాస్త పెంచితే సరిపోతుంది, కానీ అప్పుడు పక్క గదిలోవాళ్లు లేస్తారు. నా క్లాస్ ఏ యాంప్‌లో సరిగ్గా ఇదే బాధ. లోపల అంత గొప్ప సర్క్యూట్ పెట్టి, చివరికి నేను రాత్రిళ్లు వినేది కుడి చెవి పాటే. దాన్ని సరిచేయడానికి బ్యాలెన్స్ నాబ్ కూడా లేదు, అదుంటే స్వచ్ఛత తగ్గుతుందట! మీరు చూసినదాంట్లో వాల్యూమ్ రిమోట్‌తో మెట్లు మెట్లుగా మారేదైతే అది లోపల చిప్‌తో జరుగుతుంది, ఈ సమస్య ఉండదు. ఒక్కో మెట్టు ఒక డెసిబెల్ లోపు ఉంటే మంచిది. మూడేసి డెసిబెల్స్ దూకేవి కూడా ఉన్నాయి, అవి చిరాకు.

తక్కువ వాల్యూమ్‌లో ఇంకో సంగతి మన చెవిది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు: సౌండ్ తగ్గేకొద్దీ బేస్ చెవికి మిగతావాటికంటే త్వరగా కనుమరుగవుతుంది. అందుకే రాత్రి పాట పలచగా, నీళ్లు కలిపినట్టు అనిపిస్తుంది. పాత యాంప్‌ల మీద లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉండేది దీనికోసమే. తర్వాత స్వచ్ఛత పేరు చెప్పి టోన్ కంట్రోల్స్ అన్నీ పీకేశారు, అదొక ఫ్యాషన్ అయిపోయింది. నా మటుకు నాకు బేస్, ట్రెబుల్ నాబ్‌లు లేని యాంప్ అసంపూర్ణం. రాత్రి బేస్ నాలుగు డెసిబెల్స్ పెంచుకుంటే వచ్చే ఆనందం ఏ క్లాస్ ఏ ఇవ్వదు. మీ చిన్న యాంప్‌లో టోన్ కంట్రోల్ ఉందా? లేకపోతే కనీసం యాప్‌లో ఈక్వలైజర్ అయినా ఉండాలి.

ఆటో స్టాండ్‌బై గురించి హెచ్చరిక. కరెంట్ ఆదా నియమాల వల్ల కొత్త యాంప్‌లు సిగ్నల్ లేదనుకుంటే కొన్ని నిమిషాలకి వాటంతట అవే పడుకుంటాయి. ఇంటికి తెచ్చిన ఒక చిన్న యాంప్‌తో నాకు జరిగింది: అర్ధరాత్రి, చాలా మెల్లగా వీణ వింటున్నాను. "టక్" మని రిలే శబ్దం, నిశ్శబ్దం. ఆ మెల్లటి సిగ్నల్‌ని అది సిగ్నల్‌గా లెక్క వేయలేదు. మళ్లీ ఆన్ చేస్తే ఇరవై నిమిషాలకి మళ్లీ టక్. సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలు లేదు. వారానికే వెనక్కి ఇచ్చేశాను. దాని సౌండ్‌కి ఏ వంకా లేదు. ఆటో స్టాండ్‌బై ఆపుకునే వీలుందా అని యూజర్ మాన్యువల్ కొనకముందే దించుకుని చూడండి.

టీవీ దగ్గరికి వద్దాం, ఇంట్లోవాళ్ల మాటలో విషయం ఉందన్నది ఇందుకే. స్నేహితుడి యాంప్ తెస్తే టీవీ నుంచి ఆప్టికల్ వైర్, మధ్యలో ఒక డ్యాక్, అక్కణ్నించి యాంప్. సాధారణంగా ఆప్టికల్ మీద టీవీ రిమోట్ వాల్యూమ్ పనిచేయదు. క్లాస్ ఏ యాంప్‌కి రిమోట్ లేదు. అంటే ప్రకటన గట్టిగా వచ్చిన ప్రతిసారీ ఎవరో లేచి నాబ్ తిప్పాలి. రెండు రోజులు తిప్పుతారు. మూడో రోజు అమ్మ టీవీ స్పీకర్లే చాలంటారు, మీ స్పీకర్లు బొమ్మల్లా నిలబడతాయి. హెచ్‌డీఎమ్‌ఐ ఆర్క్ (టీవీ సౌండ్‌ని అదే హెచ్‌డీఎమ్‌ఐ వైరు మీద యాంప్‌కి పంపే ఏర్పాటు) ఉంటే టీవీ రిమోట్‌తోనే యాంప్ ఆన్ అవుతుంది, వాల్యూమ్ మారుతుంది. 2009లో హెచ్‌డీఎమ్‌ఐ 1.4తో వచ్చిన సౌకర్యం ఇది. టీవీ వెనక ఆర్క్ అని రాసి ఉన్న సాకెట్‌లోనే వైరు పెట్టాలి, సెట్టింగుల్లో సీఈసీ (ఒక రిమోట్‌తో రెండిటినీ నడిపే సౌకర్యం) ఆన్ చేయాలి. ఒక్కో టీవీ కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, వెతుక్కోవాలి. ఇంకోటి, టీవీ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎమ్‌లో (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) పెట్టండి. స్టీరియో యాంప్‌లు చాలావరకు డాల్బీని అర్థం చేసుకోవు. కొత్త యాంప్ తెచ్చి బొమ్మ వస్తోంది, సౌండ్ రావట్లేదు అని కంగారు పడేవాళ్లలో చాలామందికి సమస్య ఆ ఒక్క సెట్టింగే.

ఇక సౌండ్ నిజంగా మెరుగుపడే చోటు. మీ హాలు పొడవు 14 అడుగులు, అంటే 4.3 మీటర్లు. ఆ పొడవుకి 40 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తనే మోగుతుంది. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటే అక్కడ బేస్ 10 డెసిబెల్స్ లేచినా ఆశ్చర్యం లేదు, రెండడుగులు ముందుకి జరిగితే అదే బేస్ తగ్గిపోతుంది. ఇది ఏ యాంప్ తేడా కంటే ఎన్నో రెట్లు పెద్దది. మీరు చూసిన దాంట్లో సబ్‌ఊఫర్ అవుట్ ఉందన్నారు. మెయిన్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ కింద బేస్ ఆపేసే ఏర్పాటు కూడా ఉందా అడగండి. ఉంటే రేపెప్పుడైనా సబ్‌ఊఫర్ చేర్చినప్పుడు చిన్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది. రూమ్ కరెక్షన్ (గది వల్ల వచ్చే హెచ్చుతగ్గుల్ని యాంపే దిద్దే ఏర్పాటు) ఉంటే ఇంకా మంచిది. ఇవేవీ లేకపోయినా సోఫాని ఒక అడుగు ముందుకి లాగడానికి ఖర్చేమీ కాదు, అది ముందు చేయండి.

ఇంత చెప్పాక కూడా స్నేహితుడి యాంప్ మీద మనసు లాగుతుంటే అందులో తప్పులేదు. విడిగా పాటల కోసమే ఒక గది ఉండి, అక్కడ టీవీ లేకపోతే, స్పీకర్లు 90 డెసిబెల్స్ పైన ఉన్నవైతే నేనే తీసుకోమనేవాణ్ని. వస్తువు మీద ఇష్టం కూడా వినడంలో భాగమే. నాకు ఆ దుమ్ము వాసన ఇప్పటికీ గుర్తుంది. కానీ తెచ్చుకునేముందు మల్టీమీటర్ పట్టుకెళ్లండి. స్పీకర్లు తీసేసి, పాట లేకుండా, వేడెక్కాక, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజ్ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే. 200, 300 చూపిస్తుంటే మీ కొత్త స్పీకర్ల వాయిస్ కాయిల్స్‌కి మంచిది కాదు. తర్వాత స్పీకర్లు తగిలించి వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినండి. సన్నటి "మ్‌మ్‌మ్" వినిపిస్తే పవర్ సప్లయి కెపాసిటర్లు ఎండిపోతున్నాయేమో. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. క్లాస్ ఏ యాంప్ లోపల అవి జీవితమంతా పొయ్యి పక్కన గడిపినట్టే. నా దాంట్లో ఎనిమిదో ఏట హమ్ మొదలైంది. తొమ్మిదో ఏట కుడి చానెల్ ఉన్నట్టుండి పోయేది, పైన చిన్నగా తడితే వచ్చేది. రిలే కాంటాక్టులు నల్లబడ్డాయని విప్పాక తెలిసింది. బాగు చేయించి, విడిగా గది ఉన్న ఒకాయనకి ఇచ్చేశాను. ఆయన రోజూ వింటున్నాడు.

చివర్లో స్పీకర్ వైర్ గురించి అడిగారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఒక్కో పక్కకి 4 మీటర్లు అయితే రానూ పోనూ కలిపి 0.1 ఓమ్ కూడా ఉండదు. అది చాలు, రెండు వైపులా ఒకే పొడవు అయితే సర్దుకోవడం తేలిక. అల్యూమినియం మీద రాగి పూత వేసినది కాకుండా అసలు రాగిదే తీసుకోండి. తగిలించేటప్పుడు ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్లిందో లేదో నాలుగు చోట్లా చూసుకోండి. ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తారుమారైతే బేస్ మాయమైపోయి, పాట మధ్యలోంచి కాకుండా ఎక్కడినుంచో వస్తున్నట్టు ఉంటుంది. ఆ నింద కొత్త యాంప్ మీద పడుతుంది.